రెండు మూడు బేస్‌లలో పాలిండ్రోమ్ అయ్యే సంఖ్యల్ని ప్రోగ్రామ్‌తో వెతకడం: లూప్ ఎందుకు ఆగిపోతోంది, ఏం మార్చాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఒకే సంఖ్య బేస్ 10లోనూ (పది అంకెలతో రాసే మామూలు రాత) బేస్ 2లోనూ (0, 1 మాత్రమే వాడే బైనరీ రాత) పాలిండ్రోమ్ కావాలి, అంటే ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండాలి, ఆ తర్వాత బేస్ 2, 3 జంటకు కూడా అలాంటివే కావాలి. పైథాన్‌లో 1 నుంచి లూప్ పెట్టి, ప్రతి సంఖ్యనూ రెండు బేస్‌లలో స్ట్రింగ్‌గా మార్చి, తిరగేసి పోలుస్తున్నారు. పది లక్షల దాకా చకచకా నడిచింది, వంద కోట్లు దాటాక కదలడం లేదు, సీ ప్లస్ ప్లస్‌లోకి మార్చాలా లేక మల్టీ థ్రెడింగ్ (పనిని ముక్కలు చేసి ఒకేసారి నడపడం) పెట్టాలా అని అడిగారు. ప్రస్తుతానికి రెండూ వద్దు. భాష మారిస్తే యాభై రెట్లో వంద రెట్లో వేగం వస్తుంది, కానీ మీరు చేస్తున్న పనిలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లకు పైగా అసలు చేయనక్కర్లేని పని, దాన్ని వేగంగా చేసి లాభం లేదు.

పాలిండ్రోమ్‌లను వెతకకండి, తయారు చేయండి. పాలిండ్రోమ్‌లో ముందు సగం తెలిస్తే వెనక సగం దానంతట అదే వస్తుంది కదా. కాబట్టి 1 నుంచి 9,99,999 వరకు ఒక్కో సంఖ్యనూ ముందు సగంగా తీసుకుని, పూర్తిగా అద్దంలో చూపినట్టు పక్కన రాస్తే సరి పొడవు పాలిండ్రోమ్ వస్తుంది, చివరి అంకెను రెండోసారి రాయకుండా వదిలేస్తే బేసి పొడవుది వస్తుంది. ఇంతే, 12 అంకెల దాకా బేస్ 10లో ఉన్న పాలిండ్రోమ్‌లన్నీ వచ్చేశాయి, మొత్తం 19,99,998. మీ లూప్ అదే హద్దు దాకా వెళ్లాలంటే లక్ష కోట్ల సంఖ్యలు చూడాలి. ఇప్పుడు వాటికి బైనరీ పరీక్ష ఒక్కటే పెడితే చాలు.

ఇంకొంచెం తగ్గించొచ్చు. బైనరీలో పాలిండ్రోమ్ మొదటి బిట్ (బైనరీ అంకె) 1 కాబట్టి చివరి బిట్ కూడా 1 కావాలి, అంటే అది బేసి సంఖ్య కావాలి, అంటే బేస్ 10లో చివరి అంకె 1, 3, 5, 7, 9లలో ఒకటి, మరి మొదటి అంకె కూడా అదే. ముందు సగం 2, 4, 6, 8తో మొదలైతే ఆ గుంపు మొత్తాన్ని ముట్టుకోకుండా దాటేయండి. 11,11,110 మిగులుతాయి. పైథాన్‌లో కూడా ఇది కళ్లు మూసి తెరిచేలోపు అయ్యే పనే.

రాసిన ప్రోగ్రామ్ సరైనదో కాదో చూసుకోవడానికి పది లక్షల లోపు జాబితా ఇదిగో (0 వదిలేసి): 1, 3, 5, 7, 9, 33, 99, 313, 585, 717, 7447, 9009, 15351, 32223, 39993, 53235, 53835, 73737, 585585. వీటి మొత్తం 872187. ప్రాజెక్ట్ ఆయిలర్ అనే లెక్కల పజిళ్ల వెబ్‌సైట్‌లో 36వ లెక్క సరిగ్గా ఇదే అడుగుతుంది. పూర్తి జాబితా ఓఈఐఎస్ అనే ఆన్‌లైన్ సంఖ్యా క్రమాల కోశంలో ఏ007632 అనే నంబరు కింద ఉంటుంది, అక్కడితో పోల్చుకోవచ్చు. నా ఉద్దేశంలో ఇలాంటి వెతుకులాటలో వేగం కంటే ముందు ఈ పోలిక చేయాలి, ఎందుకంటే ఒక పొడవు మొత్తాన్ని పొరపాటున దాటేసినా ప్రోగ్రామ్ ఏ ఎర్రర్ ఇవ్వదు, హాయిగా తప్పు జాబితా అచ్చేస్తుంది.

ఏ బేస్‌లో తయారు చేయాలి, ఏ బేస్‌లో పరీక్షించాలి అన్నది రెండో నిర్ణయం. బేస్ 2, 3 జంటకు మీరు లూప్‌లో ప్రతి సంఖ్యనూ బేస్ 3లోకి మార్చే ఫంక్షన్ సొంతంగా రాసుకుని పరీక్షిస్తున్నారు, ఆ ఫంక్షనే టైమంతా తినేస్తోంది. తిరగేయండి. పైథాన్‌లో స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చే ఫంక్షన్ 2 నుంచి 36 వరకు ఏ బేస్ ఇచ్చినా తీసుకుంటుంది, సంఖ్యను బైనరీ స్ట్రింగ్‌గా మార్చే ఫంక్షన్ కూడా తయారుగా ఉంది. కాబట్టి బేస్ 3లో స్ట్రింగ్‌గా తయారు చేసి, సంఖ్యగా మార్చి, బైనరీలో పరీక్షిస్తే మీరు రాయాల్సిన మార్పిడి కోడ్ ఒక్క లైను కూడా ఉండదు. చేతిలో తయారు ఫంక్షన్ లేని బేస్‌లో పుట్టించాలి, ఉన్న బేస్‌లో పరీక్షించాలి, ఇదొక్కటి పట్టుకోండి.

అసలు మజా మాత్రం ఈ 2, 3 జంటలోనే ఉంది, ఇక్కడ కాస్త లెక్కలు చేస్తే కోడ్ ఎంత పలచబడుతుందో చూడండి. ఏ బేస్‌లోనైనా సరి పొడవున్న పాలిండ్రోమ్, ఆ బేస్‌కు ఒకటి కలిపితే వచ్చే సంఖ్యతో భాగించబడుతుంది. బేస్ 10లో 7447 తీసుకోండి, 11తో భాగిస్తే సరిగ్గా 677. కారణం సులువే: పొడవు సరి అయినప్పుడు జతగా ఉండే రెండు అంకెల్లో ఒకటి సరి స్థానంలో, ఇంకోటి బేసి స్థానంలో పడతాయి, 11తో భాగించాక మిగిలే శేషం లెక్కన చూస్తే 10 అంటే మైనస్ 1 కాబట్టి ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇప్పుడు బేస్ 3లో సరి పొడవైతే 4తో భాగించబడాలి, అంటే సరి సంఖ్య, బైనరీలో 0తో ముగుస్తుంది, పోయింది. బైనరీలో సరి పొడవైతే 3తో భాగించబడాలి, బేస్ 3లో 0తో ముగుస్తుంది, అదీ పోయింది. అంటే రెండు బేస్‌లలోనూ పొడవు బేసిగానే ఉండాలి.

ఇంకో మెట్టు. బేస్ 3లో రాసిన సంఖ్య బేసా సరా అన్నది అంకెల మొత్తం మీద ఆధారపడుతుంది, ఎందుకంటే 3 ఘాతాలన్నీ బేసి సంఖ్యలే. పాలిండ్రోమ్‌లో అంకెలు జతలుగా వస్తాయి కాబట్టి వాటి మొత్తం సరి, మిగిలేది నడిమి అంకె. మనకు బేసి సంఖ్యే కావాలి, కనుక నడిమి అంకె 1 అయి తీరాలి, 0 గానీ 2 గానీ కుదరదు. ఇలా మూడింట రెండు వంతులు ఒక్క మాటతో తుడిచిపెట్టుకుపోయాయి.

ఈ జంటలో 0, 1 తర్వాత వచ్చేది 6643. బేస్ 3లో 100010001, బైనరీలో 1100111110011. నడుమ 1 ఉంది, రెండు పొడవులూ బేసే. తర్వాత 1422773, 5415589, ఆపైన ఒక్కసారిగా 90396755477. మామూలు లూప్‌తో ఆ చివరిదాన్ని చేరాలంటే తొమ్మిది వేల కోట్లకు పైగా సంఖ్యలు దాటాలి. బేస్ 3లో దాని పొడవు 23 అంకెలు. నడిమి 1 వదిలేస్తే మనం ఎంచుకోవాల్సింది 11 అంకెలు, మొదటిది 1 లేదా 2, తక్కినవి మూడేసి రకాలు. పొడవు 3 నుంచి 23 వరకు అన్ని బేసి పొడవులూ కలిపినా పరీక్షించాల్సినవి 1,77,146 మాత్రమే. తొమ్మిది వేల కోట్లు ఎక్కడ, లక్షా డెబ్బై ఏడు వేలు ఎక్కడ! అందుకే థ్రెడ్ల గురించి టెన్షన్ పడొద్దన్నాను.

పొడవులు బేసిగా ఉండాలన్న షరతు నుంచే ఇంకో లాభం కూడా ఉంది. బైనరీ పొడవు బేసి అంటే సంఖ్య కొన్ని ప్రత్యేక పరిధుల్లోనే ఉండగలదు. ఉదాహరణకు 34359738368 నుంచి 68719476735 వరకు ఉన్న సంఖ్యలన్నిటికీ 36 బిట్లు, ఆ పరిధిలో మనకు కావాల్సింది ఒక్కటీ ఉండదు. బేస్ 3లో 23 అంకెల సంఖ్యలు 31381059609 నుంచి 94143178826 వరకు ఉంటాయి, అందులో సగానికి పైగా ఈ నిషిద్ధ పరిధే. ముందు సగాన్ని వరసగా పెంచుకుంటూ పోతుంటే పరిధి మొదలవగానే దాని చివరకు ఒక్క గంతు వేయండి. ఈ గంతు కోడ్ రాయడం కొంచెం చిరాకు, చిన్న హద్దులకైతే మానేయొచ్చు.

ఇదే ఆలోచన వేరే జంటలకూ వాడుకోవచ్చు. బేస్ 2తో ఏ బేసి సంఖ్య బేస్‌ను జతపెట్టినా (5, 7, 9 ఏదైనా) ఆ రెండో బేస్‌లో పొడవు బేసి కావాలి, నడిమి అంకె కూడా బేసి కావాలి. బేస్ 10, 11 జంటలో బేస్ 10 వైపు సరి పొడవు పనికిరాదు. బేస్ 9తో 10 జతపెట్టినా, 5 జతపెట్టినా బేస్ 9 వైపు సరి పొడవు పోతుంది. కొత్త జంట తీసుకున్నప్పుడల్లా కీబోర్డ్ ముట్టుకునే ముందు ఐదు నిమిషాలు కాగితం మీద ఈ భాజనీయత చూసుకోండి.

స్ట్రింగ్‌లు వద్దనుకుని అంకగణితంతోనే పరీక్షించే వాళ్లు సాధారణంగా సగం తిరగేసే పద్ధతి వాడతారు: సంఖ్య చివరి అంకె తీసి తిప్పిన సంఖ్యకు చేర్చడం, మిగిలింది తిప్పినదాని కంటే పెద్దగా ఉన్నంత వరకు ఇలా చేయడం, ఆగాక రెండూ సమానమా లేక తిప్పినదాన్ని ఒకసారి బేస్‌తో భాగిస్తే సమానమా అని చూడడం. పూర్తిగా తిరగేయదు కాబట్టి ఓవర్‌ఫ్లో (సంఖ్య దానికి కేటాయించిన చోటు దాటిపోవడం) భయం లేదు, పని కూడా సగమే. ఒక్క గొయ్యి ఉంది, 0తో ముగిసే సంఖ్యలు. 10 ఇచ్చి చేతితో నడిపి చూడండి, చివరికి మిగిలింది 0, తిప్పినది 1, దాన్ని 10తో భాగిస్తే 0, రెండూ సమానం, 10 పాలిండ్రోమ్ అని చెప్పేస్తుంది. చివరి అంకె 0 అయితే మొదట్లోనే తోసిపుచ్చాలి.

మీరు చివర్లో అడిగిన ఇంకో విషయం, ఒక సంఖ్య మొత్తం ఎన్ని బేస్‌లలో పాలిండ్రోమ్ అవుతుందో లెక్కించడం. 2 నుంచి మొదలుపెట్టి అన్ని బేస్‌లూ తిప్పడం ఇక్కడ కూడా దండగే. బేస్ ఆ సంఖ్య వర్గమూలం కంటే పెద్దదై, సంఖ్యను మించకపోతే సంఖ్యకు రెండు అంకెలే ఉంటాయి. రెండంకెల పాలిండ్రోమ్ అంటే రెండు అంకెలూ ఒకటే, అంటే సంఖ్య అన్నది ఆ అంకెను బేస్ ప్లస్ ఒకటితో గుణిస్తే వచ్చేది. కాబట్టి అది పూర్తిగా కారణాంకాల లెక్క. 60 తీసుకోండి: 6ను 10తో గుణిస్తే 60, కాబట్టి బేస్ 9లో 66. అలాగే బేస్ 11లో 55, బేస్ 14లో 44, బేస్ 19లో 33, బేస్ 29లో 22, బేస్ 59లో 11. మొత్తం ఆరు. అంకె బేస్ కంటే చిన్నదిగా ఉండాలన్నది ఒక్కటే షరతు. కనుక వర్గమూలం దాకా ఉన్న బేస్‌లకే అంకెలు విడదీసి పరీక్షించండి, ఆ పైవాటికి కారణాంకాలు చాలు. కారణాంకాలు ఎక్కువున్న సంఖ్యలే ఈ పోటీలో ఎందుకు గెలుస్తాయో కూడా దీంతో తెలిసిపోతుంది. చిన్న బేస్‌లలో బలం చూపించేవి వేరే ఉంటాయి, 121 చూడండి, బేస్ 3లో 11111, బేస్ 7లో 232, బేస్ 8లో 171, బేస్ 10లో 121.

దీని తలకిందుల ప్రశ్న కూడా బాగుంటుంది. ఏ సంఖ్యయినా తనకంటే ఒకటి తక్కువ బేస్‌లో 11 అవుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా, 2 నుంచి తనకంటే రెండు తక్కువ దాకా ఏ బేస్‌లోనూ పాలిండ్రోమ్ కానివి ఉన్నాయా అంటే ఉన్నాయి: 4, 6, 11, 19, 47, 53, 79, 103, 137, 139 ఇలా. 6 దాటాక ఇవన్నీ ప్రధాన సంఖ్యలే. సంయుక్త సంఖ్యయితే పైన 60కి చేసినట్టే రెండంకెల రూపం దొరికేస్తుంది, ప్రధాన సంఖ్య వర్గమైతే దాని మూలం కంటే ఒకటి తక్కువ బేస్‌లో 121 అవుతుంది, 9 మాత్రం బైనరీలో 1001. వీటిని వెతికే ప్రోగ్రామ్ రాస్తే ముందు ప్రధాన సంఖ్యల జల్లెడ పట్టండి, సగం పని అక్కడే అయిపోతుంది.

మూడు బేస్‌లు ఒకేసారి కావాలంటే ఎంత దూరం వెళ్లాలి అని కూడా అడిగారు. నిరూపణ కాదు, అంచనా చెప్తాను. ఒక హద్దు దాకా పాలిండ్రోమ్‌లు దాదాపు ఆ హద్దు వర్గమూలమంత ఉంటాయి, అందులో ఒకటి ఇంకో బేస్‌లో కూడా పాలిండ్రోమ్ అయ్యే అవకాశం దాదాపు వర్గమూలంలో ఒకటి. రెండూ గుణిస్తే ఒక్కో పొడవుకు ఇంచుమించు ఒకే పరిమాణంలో దొరకాలి, జాబితా చాలా నిదానంగా పెరుగుతూ పోవాలి, దొరికినవి చూస్తే అలాగే ఉంది. మూడో బేస్ చేర్చగానే ఇంకో వర్గమూలంతో భాగించాలి, పొడవు పెరిగే కొద్దీ అవకాశం కుప్పకూలుతుంది. అందుకే సంబంధం లేని మూడు బేస్‌లు తీసుకుంటే చిన్న సంఖ్యల్లో దొరికితే దొరికినట్టు, లేకపోతే పెద్దవాటి మీద ఆశ పెట్టుకోకండి. పైన చెప్పిన 6643, 1422773, 5415589, 90396755477 బేస్ 10లో ఒక్కటీ పాలిండ్రోమ్ కాదు, కంటికే కనబడుతోంది.

ఒక బేస్ ఇంకోదాని ఘాతమైతే కథ వేరు. 4097 బైనరీలో 1000000000001, బేస్ 4లో 1000001, బేస్ 8లో 10001, బేస్ 16లో 1001, బేస్ 64లో 101. ఇలాంటివి ఎన్నయినా తయారు చేయొచ్చు, ఇందులో వెతకడానికేమీ లేదు. 585 బేస్ 10లోనే కాకుండా బైనరీలో 1001001001గా, బేస్ 8లో 1111గా కనిపించేది కూడా 2, 8 బంధువులు కాబట్టే. ఫలితాల్లో ఇలాంటివి చూసి మూడు బేస్‌లు దొరికాయని సంబరపడే ముందు చూసుకోండి.

పొడవు కూడా రెండు బేస్‌లలో ఒకటే కావాలని షరతు పెడితే జాబితా ఏకంగా పరిమితమైపోతుంది. 2009లో ఎడ్రే గోయిన్స్ అనే గణితవేత్త దీన్ని తేల్చేశాడు: బేస్ 10లోనూ ఇంకేదో బేస్‌లోనూ ఒకే పొడవుతో (కనీసం రెండంకెలు) పాలిండ్రోమ్ అయ్యే సంఖ్యలు సరిగ్గా 203. చిన్నది 22, పెద్దది 9986831781362631871386899. పరిమితం ఎందుకో చూడాలంటే బేస్ 11 తీసుకోండి, 26 అంకెలకు వచ్చేసరికి బేస్ 11లో అతి చిన్న సంఖ్య బేస్ 10లోని అతి పెద్దదాన్ని దాటిపోతుంది, ఇక ఒకే పొడవు కుదరనే కుదరదు. ఆ పెద్ద సంఖ్యకు సరిగ్గా 25 అంకెలు ఉండడం అందుకే.

ఇక మీకు నిజంగా పెద్ద హద్దులు కావాలంటే తయారు చేయడం కూడా చాలదు, కొమ్మలు నరకాలి. బేస్ 10, 2 జంటలో ఒక అదృష్టం ఉంది: చివరి రెండు అంకెలు తెలిస్తే చివరి రెండు బిట్లు తెలుస్తాయి, మూడు తెలిస్తే మూడు, ఎందుకంటే 100ను 4, 1000ను 8 భాగిస్తాయి. ముందు అంకెలు తెలిస్తే ముందు బిట్లు ఎలాగూ తెలుస్తాయి. 12 అంకెల సంఖ్య 57తో మొదలై 75తో ముగుస్తుందనుకోండి. 75ను 4తో భాగిస్తే శేషం 3, అంటే చివర 11. కానీ 57 వేల కోట్ల దగ్గర సంఖ్యలు బైనరీలో 10తో మొదలవుతాయి. కుదరదు, లోపలి పదివేల పాలిండ్రోమ్‌లూ ఒక్క పోలికతో పోయాయి. అంకెలను బయటి నుంచి లోపలికి ఒక్కొక్కటిగా పెడుతూ రికర్షన్‌తో (ఫంక్షన్ తనను తానే పిలుచుకునే పద్ధతి) ఇలా నరుక్కుంటూ పోతే ఒక్కో మెట్టులో పది కొమ్మలకు సుమారు ఐదు మిగులుతాయి. ముందు అంకెల పరిధి మధ్యలో బిట్ మారే చోటు పడితే మాత్రం అక్కడ నరకకుండా ఇంకో అంకె లోపలికి వెళ్లి చూడాలి, లేకపోతే సరైనవి జారిపోతాయి.

2, 3 జంటకు ఈ అదృష్టం లేదు, 3 ఘాతాలను 2 భాగించదు. అక్కడ మధ్యలో కలుసుకునే పద్ధతి వాడాలి. ఆ జాబితాలో 90396755477 తర్వాతది 381920985378904469, బేస్ 3లో 37 అంకెలు, ఆ పొడవులో తయారు చేయాల్సినవి 25 కోట్ల 82 లక్షల చిల్లర, సీ ప్లస్ ప్లస్‌లో కొట్టేయొచ్చు, 64 బిట్లలో కూడా పడుతుంది. ఆ తర్వాతది 1922624336133018996235, 64 బిట్లు దాటింది, బేస్ 3లో 45 అంకెలు, తయారు చేయాల్సినవి రెండు వేల కోట్ల పైన. ఇక్కడ ముందు సగంలోని 22 అంకెలను బయటి 11, లోపలి 11గా విడగొట్టండి. లోపలివి 1,77,147 రకాలు, ఒక్కోటీ మొత్తం సంఖ్యకు ఎంత చేరుస్తుందో ముందే లెక్కగట్టి, 65536తో భాగిస్తే వచ్చే శేషం ప్రకారం పట్టికలో పెట్టుకోండి. బయటివి 1,18,098 రకాలు, ఒక్కోదానికీ ముందు 16 బిట్లు దాదాపు ఖాయమవుతాయి (కొన్నిటికి రెండు అవకాశాలు ఉంటాయి, రెండూ చూడండి), వాటిని తిరగేస్తే చివరి 16 బిట్లు ఏం కావాలో తెలుస్తుంది, అందులోంచి బయటి అంకెల వాటా తీసేస్తే పట్టికలో ఏ గదిలో వెతకాలో తెలుస్తుంది. ఒక్కో గదిలో సగటున మూడు కూడా ఉండవు. రెండు వేల కోట్ల పరీక్షలు కొన్ని లక్షలకు దిగిపోతాయి, పైథాన్‌లో పెద్ద సంఖ్యలకు హద్దు లేదు కాబట్టి మీ పాత కంప్యూటర్ మీదే నడుస్తుంది. ముందు దీన్ని 23 అంకెల పొడవుకు నడిపి 90396755477 బయటికొస్తోందో లేదో చూసుకుని, అప్పుడు 45కి వెళ్లండి.